మూసిన దారి మీద లెంపి హకాలా

మే 9

గేటు పెట్టారు.

మంచు కరిగి మట్టి బయటపడిందో లేదో, నా క్యాంపుకు పోయే అడవి దారికి అడ్డంగా పసుపు రంగు ఇనప గొట్టం బిగించి, దాని మీద బోర్డు తగిలించారు. మోటారు బండ్లు నిషేధం. నడిచేవాళ్ళు నడవచ్చట. ఎంత దయ!

సరస్సు ఒడ్డున ఆ చెక్క ఇల్లు, పక్కన సౌనా అనే ఆవిరి స్నానాల గది, రెండూ నేను కట్టుకున్నవి. నా మొగుడు హకాలా నన్నొదిలి వెళ్ళిన వేసవిలో కట్టుకున్నవి. స్కూలు బస్సు నడిపిన జీతంతో స్థలం కొన్నాను. దుంగలు మోసింది నేనూ, మా తమ్ముడు రేనో. అన్నేళ్ళలో ఆ దారి మీద ఒక్క గంపెడు కంకర పోసిన నాథుడు లేడు. తాళం వెయ్యడానికి మాత్రం వచ్చారు.

పోయిన శరత్కాలపు వానలకు వాగు మీది తూము కొట్టుకుపోయింది. బండ్లన్నీ వాగులోకి దిగి దాటుతుంటే, ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ మీద బురద పేరుకుంటోందని కారణం రాశారు. చేపల మీద నాకేం కోపం లేదు. కానీ నా ఒక్క బండికి ఏమవుతుంది?

గేటుకు కుడిపక్క రెండు చెట్ల మధ్య సందుంది. అడవి దారుల కోసం కొన్న నా నాలుగు చక్రాల బండి, మోటారు సైకిలు లాంటిదే, పట్టింది. హ్యాండిల్ చివర కాస్త గీసుకుపోయింది, అంతే.

నడిచి వెళ్ళొచ్చుగా అంటారు. వెళ్ళగలను. వెళ్ళను. బండికని రాష్ట్రం అమ్మే స్టిక్కరు కొన్నాను, అడవి దారుల్లో తిరగడానికని ఇంకో స్టిక్కరు కొన్నాను, నెత్తిన హెల్మెట్ కూడా పెట్టుకున్నాను. ఇన్ని చేసి నడవడం దేనికి?

మే 10

వంటింట్లో జారాను. నేల తడిగా ఉంది.

మే 17

మళ్ళీ వంటింట్లోనే. ఈసారి నేల పొడిగానే ఉంది. అయినా జారడం వేరు, పడటం వేరు.

మే 24

రోజంతా క్యాంపులోనే. నల్ల ఈగలు చెవుల వెనక పీక్కుతిన్నాయి. సౌనా పొయ్యి రాజేసి, రాళ్ళ మీద నీళ్ళు పోసి, ఒళ్ళంతా ఎర్రబడేదాకా కూర్చున్నాను. ఆ వేడిలో ఎడమ చెయ్యి ఊరుకుంటుంది. ఇంట్లో అయితే కాఫీ కప్పు పట్టుకుంటే చాలు, సాసర్ టకటకలాడిపోతుంది.

బస్సు నేనే మానేశాను. వైద్య పరీక్ష మళ్ళీ చేయించుకోమన్నారు, నాకంత ఓపిక లేకపోయింది. ఇది ఇక్కడ రాసుకోవడం ఎందుకంటే, ఊళ్ళో ఇంకోలా చెప్పుకుంటున్నారు.

జూన్ 6

పట్టుబడ్డాను.

వాగు ఇవతలి మలుపులో ఆకుపచ్చ చొక్కా కనిపించింది. దగ్గరికి వెళితే అడవి ఆఫీసరు కర్టిస్ లబో. చిన్నప్పుడు నా బస్సులో కిటికీ పక్క సీటు కోసం రోజూ కొట్టుకు చచ్చేవాడు. ఇప్పుడు నాకంటే మూరెడు పొడుగు.

"హకాలా మేడమ్, బండి ఆపండి."

"ఆపాను కదరా. కళ్ళు కనబడటం లేదా?"

"హెల్మెట్ ఉంది. స్టిక్కర్లు రెండూ ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. దారి ఒక్కటే లేదు."

"నువ్వు నిలబడ్డది దేని మీద మరి?"

"మూసిన దారి మీద."

"నీకు తెరిచి ఉందా?"

"నేను నడిచొచ్చాను మేడమ్." అని జేబులోంచి జరిమానా చీటీల కట్ట తీశాడు. "కిటికీలోంచి చెయ్యి బయట పెట్టానని మీరు నన్ను వారం రోజులు మీ వెనక సీట్లోనే కూర్చోబెట్టారు. గుర్తుందా?"

"నీ చెయ్యి తెగకూడదని కూర్చోబెట్టాను."

"ఇదీ అలాంటిదే అనుకోండి."

వాదించడానికి బండి దిగాను. దిగకుండా ఉండాల్సింది. చీటీ రాసి నా చేతికిచ్చాక గొంతు తగ్గించి అన్నాడు: "నడవడం కష్టమైనవాళ్ళకి వేరే పర్మిట్ ఉంటుంది. మూసిన దారుల్లో కూడా బండి మీద వెళ్ళొచ్చు. డాక్టరు సంతకం పెడితే చాలు. మీకు..."

"నాకేం? నాకేమైందిరా?"

"ఏం లేదు మేడమ్."

ఇక వెళ్ళిపోదామని బండి వైపు తిరిగాను. అయినా అక్కడే నిలబడాల్సి వచ్చింది. కాళ్ళు రెండూ నేలకు అతుక్కుపోయాయి. ఎక్కడానికి పాదం ఎత్తుదామంటే లేవదు. కర్టిస్ అటు తిరిగి, ఒక చెట్టు బెరడును శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు. మామూలు చెట్టే. చివరికి కాలు లేచింది. నేను బండెక్కాకే వాడు ఇటు తిరిగాడు.

వాడి మర్యాద నాకు చీటీ కంటే ఎక్కువ మండింది.

జూన్ 8

కబురు నాకంటే ముందే రేనో పెట్రోలు పంపు చేరింది. మాంసం, బంగాళాదుంపలు కూరిన పాస్టీలు కట్టించుకుని మధ్యాహ్నం వచ్చాడు.

"పర్మిట్ తీసుకుంటే పోయేదేముందక్కా?"

"బండి వెనక ఆ కాగితం తగిలించుకుని ఊరేగమంటావా? ఇదిగో చూడండర్రా, ఈవిడ పనికిరాకుండా పోయింది, అని?"

"ఎవరంటారలా?"

"నేనంటాను."

"డాక్టరు చెప్పింది విన్నావు కదా. ఆ జబ్బు..."

"పాస్టీ చల్లారిపోతుంది. తిను."

తిన్నాడు. డాక్టరు చెప్పిన ఆ మాట ఈ పుస్తకంలో రాయను. రాయకపోతే లేనట్టు కాదని నాకూ తెలుసు. అయినా రాయను.

జూన్ 21

నడిచే వెళతాను. నడవచ్చని వాళ్ళ బోర్డే చెబుతోంది కదా. ఊరంతా ఒడ్డున మంటలు వేసుకుని నడివేసవి పండగ చేసుకునే రోజు నేను నా క్యాంపులో నా మంట వేసుకుంటాను. రేనోకి చెప్పలేదు.

జూన్ 22

మంట వెయ్యలేదు.

జూన్ 27

సరే, రాస్తాను. ఇది నేను తప్ప ఎవరు చదవొచ్చారు కనుక.

వాగు దాకా బాగానే వెళ్ళాను. నీళ్ళ అంచున కాళ్ళు ఆగిపోయాయి. ఒళ్ళు ముందుకెళ్ళింది, పాదాలు వెళ్ళలేదు. నాచులో బోర్లా పడ్డాను. లేవడానికి పట్టుకోను ఏమీ దొరకలేదు. పడ్డాను అనే రాశాను, చూసుకున్నాను, సరే ఉండనీ.

దోమలు నా ముఖం మీద అన్నదానం చేసుకున్నాయి. అరవలేదు. ఎవరి పేరు పెట్టి అరవను? నీళ్ళలో వేలెడంత ట్రౌట్ పిల్లలు ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. కదలకుండా నిలబడటం కోసమే ఒళ్ళంతా కదిలిస్తున్నాయి. చాలాసేపు వాటినే చూశాను. చెయ్యగలిగింది అదొక్కటే.

పొద్దు వాలే వేళకు కర్టిస్ వచ్చాడు. గేటు దగ్గర నా కారు పొద్దున్నుంచీ అలాగే ఉండటం చూశాడట. లేపి నిలబెట్టాడు. నిలబడ్డాను గానీ అడుగు పడదు. అప్పుడు వాడు నా పాదాల ముందు తన బూటు అడ్డంగా పెట్టాడు.

"నా బూటు దాటండి."

"ఏమిట్రా ఈ ఆట?"

"దాటండి మేడమ్. నడవొద్దు, దాటండి."

దాటాను! రెండో కాలూ దాటింది. ఆ తర్వాత అదే కదిలింది నడక. ఆగిపోయినప్పుడల్లా బూటు పెట్టాడు. గేటు దాకా సగం దారి నాకెదురుగా వెనకడుగులు వేస్తూ నడిచాడు పాపం.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా తాతకి ఇలాగే చేసేవాళ్ళం."

"ఏమిటి మీ తాతకి?"

చెప్పాడు. డాక్టరు చెప్పిన మాటే. నేను ఊఁ అని కారెక్కాను. వాడు తలుపు వేశాడు.

రేనోకి కూడా వాడే చెప్పినట్టున్నాడు. ఆ రాత్రే వచ్చి నా ముఖం చూసి, దోమకాట్లకు మందు రాసి వెళ్ళిపోయాడు.

జూలై 12

ఎట్టకేలకు నా పక్షాన మాట్లాడే మనిషి దొరికాడు. గోర్డీ ప్లమర్. అడవి బండ్ల క్లబ్బుకు అధ్యక్షుడు. బ్రిడ్జి కిందివాడే, అంటే మా రాష్ట్రంలోనే దక్షిణపు భాగం నుంచి వచ్చేవాడే, అయినా మాట తీరుంది. రేనో పంపు దగ్గర కలిశాడు.

"మీలాంటి వాళ్ళ దారి మూసేసే హక్కు ఎవరిచ్చారండీ వీళ్ళకి?" అన్నాడు.

"అదే నేనూ అడుగుతున్నాను!"

ఊరి హాల్లో సమావేశం పెట్టిస్తాడట. రాష్ట్రం వాళ్ళు వచ్చి కూర్చుని వినాల్సిందే. ఆ దారి తెరిస్తే అటు సరస్సు చుట్టూ తిరిగి హైవే దాకా ఒకే చుట్టు దారి అవుతుందట. రేనో కళ్ళు మెరిశాయి. ఊరి గని మూతపడ్డాక వాడి పంపు దగ్గర ఆగేది చలికాలం మంచు బండ్లవాళ్ళే. వేసవంతా ఈగలు తోలుకోవడమే.

నేను మాట్లాడతానన్నాను. మాట్లాడతాను!

జూలై 19

చీటీ సంగతి మేజిస్ట్రేటు దగ్గర తేలిపోయింది. లోపలికి వెళ్ళేముందు కర్టిస్ పక్కకి పిలిచాడు. "మీ ఆరోగ్యం గురించి నేనొక ముక్క చెబితే కేసు కొట్టేస్తారు మేడమ్."

"చెప్పావంటే నిన్ను కొట్టేస్తాను."

"తప్పు ఒప్పుకుంటారా?" అని మేజిస్ట్రేటు అడిగాడు. వెళ్ళానని ఒప్పుకున్నాను. తప్పని ఒప్పుకోలేదు. జరిమానా మాత్రం రెండింటికీ ఒకటే.

ఆగస్టు 2

మళ్ళీ బండి మీదే వెళ్ళాను. జరిమానా కట్టాను కదా, ఆ కోపం ఎక్కడ తీర్చుకోను?

గేటు పక్క సందు ఇప్పుడు సందు కాదు. రెండు చెట్లలో ఒకదాన్ని విరిచి పక్కన పారేశారు. లారీ పట్టేంత దారి. వాగు దగ్గర ఇంకా ఘోరం. రెండు ఒడ్లూ దున్నిపారేశారు. మోకాలి లోతు చక్రాల గాడులు, మధ్యలో బీరు డబ్బాలు, నీళ్ళు పాలు కలిపిన కాఫీలా ఉన్నాయి. ఎంత వంగి చూసినా అడుగు కనబడలేదు. చేప పిల్ల ఒక్కటి లేదు.

సౌనా పక్కన పేర్చుకున్న కట్టెలు సగం కాల్చుకుపోయారు.

నా చక్రాల జాడ సన్నది. ఇవి నావి కావు.

మొదట ఒకరు సందు చూపిస్తేనే రెండోవాడు దూరేది. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. వద్దు, ఉండనీ.

ఆగస్టు 9

గోర్డీ ఫోన్ చేశాడు. ఆ సందు, ఆ వాగు సంగతి చెప్పాను. "కుర్రాళ్ళండీ, సరదా" అన్నాడు. "దారి తెరిస్తే అన్నీ సర్దుకుంటాయి." తర్వాత అసలు విషయానికొచ్చాడు.

"సమావేశానికి మీరు కర్ర పట్టుకుని రండి. చక్రాల కుర్చీ ఉంటే మరీ మంచిది. లేకపోతే మేం తెప్పిస్తాం."

"నాకు కుర్చీ ఎందుకు?"

"జనం చూడాలి కదండీ. మాట్లాడుతుంటే కన్నీళ్ళొస్తే ఆపుకోకండి. అలాంటివి బాగా పనిచేస్తాయి."

"నా కాళ్ళ సంగతి మీకెవరు చెప్పారు?"

దగ్గి, సమావేశం తేదీ మళ్ళీ చెప్పాడు. చెప్పకపోయినా తెలిసింది. నాకున్నది ఒక్క తమ్ముడే.

సాయంత్రం పంపు దగ్గరికి వెళ్ళి అడిగాను. రేనో నా ముఖం చూడకుండా నాజిల్ తుడుస్తూ, "నీ మంచికే చెప్పానక్కా" అన్నాడు.

"నీ పంపు మంచికి."

"రెండూ ఒకటే అయితే తప్పేమిటి?"

కారెక్కి వచ్చేశాను. దారి పొడుగునా జవాబులు వస్తూనే ఉన్నాయి.

ఆగస్టు 16

ఇంకా ఒళ్ళు చల్లబడలేదు. రాసి పడుకుంటాను.

హాలు నిండిపోయింది. ముందు వరసలో రాష్ట్రం వాళ్ళిద్దరు, గోడకానుకుని కర్టిస్, క్లబ్బు చొక్కాల్లో గోర్డీ మనుషులు, చివర వరసలో రేనో. వేదిక పక్కన నిజంగానే చక్రాల కుర్చీ తెచ్చి పెట్టారు. దాన్ని పక్కకు తోసి మైకు దగ్గరికి నడిచాను. నా కాళ్ళు ఆ పూట నా మాట విన్నాయి.

"నా పేరు లెంపి హకాలా. ఈ హాల్లో సగం మందిని బడికి మోసినదాన్ని. కూర్చోండి అంటే కూర్చునే అలవాటు మీకింకా పోలేదనుకుంటాను."

వెనక నిలబడ్డవాళ్ళు కూర్చున్నారు. నిజంగా!

"నాకు పార్కిన్సన్స్ జబ్బు" అన్నాను. బయటికి అన్నాను. "చెయ్యి వణుకుతుంది, ఇదిగో. కాళ్ళు ఒక్కోసారి నేలకు అతుక్కుపోతాయి. జాలిపడ్డారా? అయిందా? ఇక పనిలోకొద్దాం. నాలాంటివాళ్ళు మూసిన దారుల్లో బండి మీద వెళ్ళడానికి రాష్ట్రం పర్మిట్ ఇస్తుందట. సోమవారమే అడుగుతాను. బతిమాలను, అడుగుతాను. కానీ నా కాళ్ళు చూపించి వీళ్ళంతా ఆ వాగులో దిగుతామంటే కుదరదు. గోర్డీ గారి కాళ్ళకేం జబ్బు లేదు. చూడండి, ఎంత బాగా ఆడిస్తున్నారో."

అందరూ అటు చూశారు. ఆయన కాలు ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత హాలంతా నవ్వింది.

గోర్డీ లేచాడు. "గేటు పక్కనుంచి మొదట దూరింది మీరే కదండీ?"

"నేనే. మీ వాళ్ళకి సందు చూపించింది నా చక్రాలే. అందుకే ఇకమీద దానికి అడ్డంగా నేనే నిలబడతాను. నేను నిలబడితే కదలను గోర్డీ గారూ. కదల్లేను కూడా."

ఈసారి నవ్వుతో పాటు చప్పట్లు. క్లబ్బు చొక్కాలు మాత్రం చప్పట్లు కొట్టలేదు. చివర వరసలో రేనో లేచి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మాట్లాడుతున్నంతసేపూ వాడి వైపు చూడకుండా ఉండగలిగాను. అప్పుడు చూశాను.

బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. హాలు మొత్తం నా వెనక ఆగింది. ఆగనీ అనుకున్నాను. నేను స్కూలు బస్సు ఆపితే, చట్టం ప్రకారం, రెండు వైపులా ట్రాఫిక్ ఆగేది కాదూ!

ఆగస్టు 17

పార్కిన్సన్స్. పార్కిన్సన్స్. పార్కిన్సన్స్. రాస్తే ఏమైంది? కలం విరిగిందా?

అక్షరాలు చిన్నవైపోతున్నాయి. అదీ జబ్బేనట. పెద్దగా రాస్తాను.

ఆగస్టు 25

డాక్టరమ్మ సంతకం పెట్టింది. "నడవగలరా?" అని అడిగింది. గలను, మొదలుపెట్టడమే నా చేతిలో లేదు అన్నాను. బండి మీద కూర్చోబెట్టి బ్రేకు, యాక్సిలరేటరు అన్నీ చూసింది. చెయ్యి మరీ అదుపు తప్పిన రోజున నేనే తాళంచెవి ఇచ్చేయాలట. ఇస్తానన్నాను. నిజంగానే అన్నాను.

రేనో రాలేదు.

సెప్టెంబరు 5

రేనో రాలేదు. యాలకుల రొట్టె చేశాను. ఒక్కదాన్నే తిన్నాను. బాగానే ఉంది. మరీ అంత బాగా లేదు.

సెప్టెంబరు 14

పర్మిట్ వచ్చింది. దారి అందరికీ మూసే ఉంటుంది. సందుకు అడ్డంగా బండరాళ్ళు పెట్టారు. వాగు మీద సన్నటి చెక్క వంతెన వేశారు. గోర్డీ మనుషుల వెడల్పాటి బండ్లు దాని మీద పట్టవు. నాది పడుతుంది.

గేటు తాళంచెవి కర్టిస్ తెచ్చిచ్చాడు. నేనే తెరిచాను. చెవి తాళంలోకి దూరేలోపు ఒక పాట పాడుకోవచ్చు. వాడు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు, సాయం చేస్తాననలేదు. మంచి పిల్లాడు. పర్మిట్ కాగితం బండి వెనక కనబడేలా తగిలించాలన్నాడు. తగిలించాను, అందరికీ కనబడేలా.

సెప్టెంబరు 28

రేనో వచ్చాడు. క్యాంపుకి, నడిచి. ఆకులన్నీ ఎర్రబడి రాలుతున్నాయి. వాటి మధ్య నుంచి కుంటుకుంటూ వస్తుంటే గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. వాడి తుంటి కూడా బాగా లేదు. వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. సగం సాసర్లో ఒలికింది. చూడనట్టు తాగాడు.

"పంపు దగ్గర జనం తగ్గారు" అన్నాడు.

"తెలుసు."

"క్లబ్బువాళ్ళు పక్క ఊళ్ళో పోయించుకుంటున్నారు. నీ వల్లే."

"అవును, నా వల్లే."

"తప్పయిందనవా?"

"అనను. నా జబ్బు వాడికి చెప్పింది నువ్వు. నువ్వంటావా?"

వాడు కప్పు మెట్టు మీద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అంటానక్కా. భయమేసి చెప్పాను. ఆ రోజు వాగు దగ్గర అన్ని గంటలు పడి ఉన్నావని కర్టిస్ చెప్పినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. దారి తెరిస్తే రోజూ ఎవడో ఒకడు అటు పోతుంటాడు కదా, నువ్వు పడితే చూస్తాడు కదా, అని. పంపు సంగతి ఆ తర్వాతే. పూర్తిగా తర్వాతేం కాదులే. కానీ తర్వాతే."

"ఈ మాట ముందే ఏడవచ్చు కదరా!"

"నీతో ఆ మాటెత్తితే గిన్నెలు విసిరేదానివి."

విసిరేదాన్నే. లేచి సౌనా పొయ్యి రాజేశాను. ఇద్దరం చెమటలు కారేదాకా లోపల కూర్చున్నాం. ఆదివారాలు వస్తానన్నాడు. రావొద్దనలేదు.

తిరిగి బయల్దేరేటప్పుడు తుంటి పట్టుకుని, నా వెనక సీటు వైపు చూశాడు.

"పర్మిట్ నా ఒక్కదానికే" అన్నాను.

"నేనడిగానా?"

"అడిగినట్టే చూశావు."

"ఈ వయసులో తమ్ముణ్ణి నడిపించి నువ్వు బండి మీద పోతావా? సిగ్గులేదూ?"

"లేదు."

నవ్వాడు. ఆగస్టు తర్వాత ఇదే మొదటిసారి. హెల్మెట్ పెట్టుకుని, ఇంజను స్టార్ట్ చేసి, వాడు నడక మొదలుపెట్టేదాకా ఆగాను. తర్వాత వాడి పక్కనే, వాడి అడుగు ఎంత పడితే అంత, బండి పోనిచ్చాను. వాడు ఆగిన చోట ఆగాను. వంతెన మీద ఇద్దరం పక్కపక్కన పట్టం కాబట్టి వాణ్ణి ముందు దాటనిచ్చాను. అంత మెల్లగా పోతే ఇంజను వేడెక్కిపోతుందని వాడు రెండుసార్లు అరిచాడు. వినబడనట్టు నటించాను. వేడెక్కితే ఎక్కనీ. గేటు దాకా అలాగే వెళ్ళాం.